చిట్టెపు దిబ్బ, జాజు గోడ

వానలు మొదలవకముందే మా వేబ్రిడ్జికి ఏటా ఒకసారి రంగు వేయిస్తాను. కోదాడ నుంచి మేళ్లచెరువు వైపు పోయే దారిలో ఉంది మాది. సున్నపురాయి లారీలు, సిమెంటు లారీలు, బొగ్గు లారీలు, ఇనుప కడ్డీల లారీలు పొద్దస్తమానం దాని మీదికి ఎక్కి దిగుతుంటాయి. లారీ ఎక్కగానే నా గదిలోని డబ్బాలో ఎర్రటి అంకెలు గిర్రున తిరిగి, కాసేపు అటూ ఇటూ ఊగి, ఒక్కచోట నిలబడతాయి. అవి నిలబడే క్షణం కోసమే నేనీ పని చేస్తున్నానని మా ఇంట్లో వాళ్లు నవ్వుతారు. నిజమే కావచ్చు. పదో తరగతి లెక్కల్లో తప్పిన మనిషిని నేను. లెక్కలు నాకు బడిలో రాలేదు, తక్కెడ దగ్గర వచ్చాయి. అంకె పక్కన ఒక వస్తువు ఉంటే నాకు అంకె అర్థమవుతుంది. వస్తువు లేని అంకె ఇప్పటికీ ముఖం తెలియని చుట్టం లాంటిదే.

మొన్న మునగాల నుంచి యాదగిరి అనే పెయింటర్ వచ్చాడు. ఇనుప దూలాలను బ్రష్షుతో గీకి తుప్పు రాల్చాడు. ఒక డబ్బా మూత తెరిచి కర్రతో కలిపాడు. రెడ్ ఆక్సైడ్. ఇనుముకు అసలు రంగు వేసే ముందు ఇది ఒక పూత పడాలి. ఏదో చెప్పబోతూ నేను డబ్బా అంచు పట్టుకున్నాను. అరచేయంతా ఎర్రబడింది. కడుక్కుందామని నల్లా దగ్గరికి పోయి, నీళ్లు తిప్పి, చేయి చూసుకుంటూ అలాగే నిలబడిపోయాను. అది మా అమ్మమ్మ కోటమ్మ చేయి. శుక్రవారం పూట గోడకు జాజు పూసి లేచినప్పటి చేయి.

"అక్కా, నీళ్లతోని పోదది. కిరసనాయిల్ ఇయ్యాల్నా?" అన్నాడు యాదగిరి.

"పోకపోతే ఉండనియ్యి" అన్నాను.

పాలకీడు దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు మా అమ్మమ్మ వాళ్లది. కమ్మరి ఇల్లు. నేను పరీక్ష తప్పిన ఎండాకాలం, సూర్యాపేటలో వచ్చేపోయే చుట్టాల పలకరింపులు తట్టుకోలేక మా అమ్మ నన్ను అక్కడికి పంపింది. మళ్లీ పరీక్ష రాసేదాకా అక్కడే కూర్చుని చదువుకొమ్మంది. చదువుకునే ఇల్లు కాదది. తెల్లవారకముందే అమ్మమ్మ వాకిట్లో చల్లే కళ్లాపి వాసన వచ్చేది. ఆ తర్వాత కొలిమి రాజేసిన తుమ్మబొగ్గు వాసన. ఎండ ఎక్కే కొద్దీ కాలిన ఇనుమును తొట్టి నీళ్లలో ముంచినప్పుడు లేచే ఆవిరి వాసన. ఆ మూడో వాసన ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, ఎండకు కాలిన బండ మీద మొదటి చినుకు పడ్డట్టు, దాంట్లో కొంచెం నెత్తురు కలిసినట్టు ఉంటుందని చెప్తాను. మధ్యాహ్నం జొన్న గడుక, పచ్చిపులుసు. తాత గడుక తినేటప్పుడు కూడా ఎడమచేయి ఖాళీగా ఉండేది కాదు, ఏదో ఒక కొడవలి వంపును బొటనవేలితో తడుముతూ ఉండేది. చుట్టను అగ్గిపుల్లతో ముట్టించగా నేను చూడలేదు. పట్టకారుతో ఒక నిప్పుకణిక ఎత్తి, ముక్కుకు అంత దగ్గరగా పెట్టి ముట్టించేవాడు. మీసం మాత్రం ఎప్పుడూ కాలలేదు.

కొలిమిలో సమ్మెట కొట్టేది అమ్మమ్మ. కొంగు నడుముకు బిగించి, కాళ్లు ఎడంగా పెట్టి, తల మీదుగా తిప్పి దించేది. తాత చేతిలో చిన్న సుత్తె. ఆయన ఎక్కడ కొడితే అక్కడ సమ్మెట పడాలి. ఇనుము పెట్టి కొట్టే దాగలి అంచు మీద ఒక్కసారి టింగుమనిపిస్తే ఆపమని. వాళ్లిద్దరూ రోజంతా మాట్లాడుకునేది ఎక్కువగా ఇదే భాష. అమ్మమ్మకు కోపం వచ్చిన రోజు టింగుమన్న తర్వాత కూడా ఒక దెబ్బ పడేది. తాత తల ఎత్తకుండా, "పెద్దమనిషి ఇయాల గరం మీదుంది" అనేవాడు. "పప్పుల ఉప్పు లేదని పొద్దుగాల ఎవరన్నరు?" అని ఆమె సమ్మెట ఆనించి నిలబడేది.

శుక్రవారం వచ్చిందంటే ఇంటి గోడ కింది భాగం, గడప, కొలిమి గట్టు అన్నింటికీ జాజు. ఎర్రరాయిని సానమీద నూరి, నీళ్లలో కలిపి, గుడ్డపేలికతో పూసేది. దాని మీద సుద్దతో తెల్లచుక్కలు. ఆ ఎరుపు ఆమె గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఉండేది. తాత భక్తి వేరే చోట ఉండేది. ఊరి బయట ఒక పెద్ద దిబ్బ ఉంది. నల్లటి, బరువైన, అక్కడక్కడ గాజులా మెరిసే రాళ్ల కుప్ప. చిట్టెపు దిబ్బ అనేవాళ్లు. దసరాకు పనిముట్లకు పసుపు పెట్టిన తర్వాత, తాత ఒక్కడే నడిచి పోయి ఆ దిబ్బకు కూడా బొట్టు పెట్టి వచ్చేవాడు. మన తాతల తాతలు ఇనుమును రాయి నుంచి తీసింది ఇక్కడేనని, ఆ రాళ్లే ఇనుముకు తల్లి అని వాళ్ల నాయన చెప్పాడట.

మా మామ సోమాచారి ఆ ఇంటికి ఒక్కడే కొడుకు. కొలిమి ముందు కూర్చోలేదు. మేళ్లచెరువు నుంచి సిమెంటు తోలే లారీకి డ్రైవరై, ఆ తర్వాత సొంతంగా ఒక పాత లారీ కొనుక్కున్నాడు. నేను వెళ్లిన వారానికే ఒక ఆదివారం లారీతో దిగాడు. దిగీ దిగగానే కొలిమి చుట్టూ ఒక చుట్టు తిరిగి, కాలితో అడుగులు కొలిచి, అసలు మాట బయటపెట్టాడు.

"నాయినా, ఇగ ఈ కొలిమి తీసేద్దాం. లారీ ఎండకు ఖరాబైతుంది. గీడ షెడ్డేస్త. నువ్వు, అమ్మ హాయిగ కూసొని తినుండ్రి."

"కూసొని తినుడు మాకు శాతగాదుర" అంది అమ్మమ్మ.

తాత చేతిలోని సుత్తె కింద పెట్టాడు. "మా తాతలు రాయిని ఇనుము జేసిన కొలిమిర ఇది" అన్నాడు.

మామ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు గానీ, పెద్దగా నవ్వాడు. "రాయిని ఇనుము జేసిర్రా? ఇనుము నా లారీ కమాన్ పట్టీలకెళ్లి వస్తుంది నాయినా. నేను ఇరిగిపోయిన పట్టీ తేకపోతే నీకు కొడవలి యాడిది, గొడ్డలి యాడిది?"

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే తాత ముఖం వాడిపోయింది. లారీ కింద స్ప్రింగులుగా బిగించి ఉండే ఆ ఉక్కు పట్టీలతోనే ఊళ్లోని కొడవళ్లన్నీ తయారయ్యేవి. అమ్మమ్మ సమ్మెట పక్కన పెట్టి కొడుకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"రాయికెళ్లి ఇనుము దీసి సూపిస్తే?"

"తియ్యి. గోరంత తీసి సూపియ్యి అమ్మా. నా లారీ ఎండల్నే ఉంటది. నీ కొలిమికి నేనే కొత్త కప్పేస్త."

"వానలు పడేదాంక ఆగుతవా?"

"ఆగుత. పడ్డంక మాత్రం ఇగ మాట్లాడొద్దు."

అలా కొలిమి ఉంటుందో పోతుందో ఒక రాయి మీద ఆధారపడింది.

మర్నాటి నుంచి నా పుస్తకాల సంచి కొయ్యకే వేలాడింది. తాతకు తన చిన్నప్పుడు ముసలివాళ్లు చెప్పుకున్న మాటలు కొన్ని గుర్తున్నాయి. నడుమెత్తు మట్టి బట్టీ కట్టాలి. పైన వెడల్పు తక్కువ, కింద ఎక్కువ. కింద కరిగింది కారిపోవడానికి ఒక కన్ను, తిత్తి గాలి పోవడానికి ఒక మట్టి గొట్టం. పైనుంచి ఒక వరస బొగ్గు, ఒక వరస రాయి పోస్తూ ఉండాలి. చెరువు మట్టిలో ఊక కలిపి తొక్కాం. ఆ ఊక మిర్యాలగూడ రైసు మిల్లు నుంచి వచ్చింది. తెచ్చింది ఎవరనుకున్నారు, మామే. పందెం ఓడించే ఊక తనే మోసుకొచ్చి దించి, "రేపు అన్యాయం జేసినవ్ అనొద్దు" అన్నాడు. బట్టీ ఆరిన తర్వాత అమ్మమ్మ దానికీ జాజు పూసింది. గొట్టానికీ పూసింది. ఆమెకు అది అలవాటు. కొత్త పొయ్యికి పూయకుండా నిప్పు పెట్టనివ్వదు.

దిబ్బ మీది నల్లరాళ్లు నేనూ తాతా గంపలతో మోసుకొచ్చాం. వాటిని ఎత్తినప్పుడే నాకు ధైర్యం వచ్చింది. నలుపు, బరువు, మెరుపు, ఇనుమంటే ఇంకేం కావాలి? కొలిమి ముందు నుంచి రోజూ గొర్రెలు తోలుకుపోయే గొల్ల మల్లయ్య ఆగి, తాతతో "ఏం ఈరన్నా, రాళ్లు ఉడకవెడ్తున్నవ్? ఉడికితే జర నాకూ పెట్టు" అన్నాడు. ఆయన ప్రతి పూటా ఏదో ఒకటి అనకుండా పోడు. తెల్లవారుతూనే నిప్పు పెట్టాం. తిత్తి నేనూ అమ్మమ్మా వంతులవారీగా తొక్కాం. పొద్దు వాలేసరికి కింది కన్నులోంచి నల్లటి ద్రవం బెల్లప్పాకంలా కారి, చల్లారి, రాయైంది. బట్టీ పగలగొట్టి చూస్తే లోపలా అదే రాయి. మేం వేసిన రాయే, ఇంకొంచెం నున్నగా తిరిగి వచ్చింది.

సాయంత్రం మామ వచ్చాడు. తన లారీలోని పాడైన స్పీకరు నుంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం జేబులో ఉంది. ఒక్కొక్క రాయికీ తాకించాడు. ఒక్కటీ అంటుకోలేదు. ఈసారి అతను నవ్వలేదు, తండ్రి ముఖం చూసి అయస్కాంతాన్ని బూడిద పక్కన పెట్టేసి, మంచినీళ్లు తాగడానికి పోయాడు. తాత ఆ నల్లరాయిని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. దసరాకు బొట్టు పెట్టిన రాయి అది. మనుషులు పోగొట్టుకున్న వస్తువు కోసం వెతికేటప్పుడు ఉండే ముఖం ఒకటి ఉంటుంది. కానీ ఆయనది ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉందనుకున్న వస్తువు అసలు లేదని తెలిసిన ముఖం.

అమ్మమ్మ మాత్రం చీపురు తీసుకుని బూడిద ఊడ్వడం మొదలుపెట్టింది. ఏం జరిగినా ఆమె ముందు ఊడుస్తుంది. ఊడుస్తూ అయస్కాంతాన్ని ఎత్తి, "ఏందే ఇది, గడ్డమొచ్చింది" అంది. చూశాను. అయస్కాంతానికి నల్లటి పెచ్చులు, పొడి, గుత్తిగా వేలాడుతున్నాయి. విరిగిన గొట్టం మూతి దగ్గర పడి ఉన్న పెచ్చులవి. బట్టీలోకి దూరిన గొట్టం కొస మీద, బొగ్గు తగిలిన చోట, ఆమె పూసిన జాజు ఎర్రదనం పోయి నల్లగా కాలి పెచ్చులు కట్టింది. అయస్కాంతాన్ని తీసుకుపోయి గొట్టానికి ఆనించాను. జాజు ఉన్న చోట అంటుకుంది. ఉత్త మట్టి దగ్గర జారిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే.

"తాతా, ఇనుము నల్లరాయిల లేదు. అమ్మమ్మ జాజుల ఉంది."

తాత నమ్మలేదు. నేనూ ఊరికే నమ్మే మనిషిని కాదు. ఇంట్లో ఇనుప ముక్కలు తూచే చిన్న తక్కెడ ఉండేది. తొమ్మిదో తరగతి పుస్తకంలో, రాయిని నీళ్లలో ముంచి ఒలికిన నీళ్లతో పోల్చే పాఠం ఒకటి ఉంది. బడిలో ఆ పాఠం నా మీదుగా గాలిలా పోయింది. ఆ సాయంత్రం మాత్రం చెంబును అంచు దాకా నింపి, తాంబాలంలో పెట్టి, ఒక్కొక్క రాయిని దారంతో దించి, ఒలికిన నీళ్లను తూచాను. మామూలు బండరాయి దాని నీళ్లకు రెండున్నర రెట్లు తూగింది. దిబ్బ మీది నల్లరాయి మూడుకు అటూ ఇటూగా ఆగిపోయింది. లోపలంతా బుడగలే, పైకి కనపడేంత బరువు లేదు. అమ్మమ్మ జాజురాయి నాలుగు దాటింది. కొడవలి ముక్క దాదాపు ఎనిమిది. నాలుగు అంకెలు, నాలుగు వస్తువుల పక్కన. జీవితంలో మొదటిసారి అంకెలు నాతో మాట్లాడినట్టనిపించి గట్టిగా నవ్వాను. అమ్మమ్మ నా నుదురు తాకి చూసింది.

"గోడకు పూసుడు మీ కండ్లకు ఆనలేదు గదా" అంది తర్వాత, తాతతో. "యాడనో దిబ్బకు పోయి బొట్లు వెట్టుడు. ఇంట్ల ఆడిది నూరేదానికి మాత్రం ఒక్కనాడు బొట్టు లేదు."

"రేపు నీకే పెడ్త తియ్యి బొట్టు" అన్నాడు తాత. అప్పటికి ఆయన ముఖం తేటపడింది.

నాకు ఈ సంగతి పూర్తిగా అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. పాత పుస్తకాల దుకాణాల్లో దొరికింది దొరికినట్టు చదివి, నాకు నేనుగా పేర్చుకున్న చదువు ఇది. లోహం భూమిలో లోహంలా ఉండదు. బంగారం లాంటివి తప్ప మిగతావన్నీ దేనితోనో ముడిపడి, ముఖం మార్చుకుని ఉంటాయి. రాగి పచ్చరాయిలా ఉంటుంది. ఇనుము ఎర్రమట్టిలా ఉంటుంది. ఇనుమూ, మనం పీల్చే గాలిలోని ప్రాణవాయువూ కలిసి బిగుసుకుపోయినదే జాజు. తుప్పూ ఆ ఇంటి మనిషే. లోహాన్ని పని గట్టుకుని తీయడానికి సరిపడా ఉన్న రాయినే ఖనిజం అంటారు. మండే బొగ్గు ఆ ప్రాణవాయువును లాక్కుంటే ఇనుము మిగులుతుంది. రాయిలోని తక్కిన మట్టి కరిగి కింది కన్నులోంచి కారిపోతుంది. ఆ కారిపోయినదే చిట్టెం. మా తాతల తాతలు ఇనుము తీసుకుపోయి, పిప్పిని ఊరి బయట పారబోశారు. ఇనుము కొడవళ్లై, మేకులై, అరిగి, తుప్పై మాయమైపోయింది. పిప్పి మాత్రం కొండలా మిగిలింది. మిగిలిన దాన్నే మనవలు తల్లి అనుకున్నారు. ఇనుము ఇనుమైన తర్వాత దాని స్వభావమంతా తెలిసిన మనుషులకు, అది ఇనుము కాకముందు ఎలా ఉండేదో తెలియకుండా పోయింది. కమ్మరివాళ్లు మాత్రమే చేయగల పొరపాటది. వేరేవాళ్లు ఆ దిబ్బను పట్టించుకోనే పట్టించుకోరు.

జాజురాయి ఎక్కువ ఎక్కడ దొరుకుతుందో గొల్ల మల్లయ్యకు తెలుసు. ఆయన గొర్రెలను గుర్తు పట్టడానికి వీపు మీద జాజు గీత పెడతాడు. పైగా ఒక గుట్ట మీద పడుకుని లేచిన గొర్రెల పొట్టలన్నీ ఎర్రగా ఉంటాయి. "నా గొర్రెలన్నీ ఇనుప గొర్రెలేనా ఏంది? ఇన్నొద్దులు మాంసం ధరకే అమ్మి మోసపోయిన" అంటూ మమ్మల్ని ఆ గుట్టకు తీసుకుపోయాడు. గంపలతో మోసి, ముందు కట్టెల మంటలో కాల్చాం. కాలిన రాయి సులువుగా పగులుతుంది. శనగ గింజల నుంచి రేగుపండ్ల దాకా ఉండే ముక్కలుగా అమ్మమ్మ కొట్టింది. నేను తూచాను. ఒక తట్ట రాయికి రెండు తట్టల బొగ్గు అని తాత అన్నాడు. తట్టలు కాదు తాతా, తూకమే చూడాలి, బొగ్గు తేలిక అన్నాను. ఇద్దరం దాని మీద చాలాసేపు పోట్లాడి, తూకానికే ఒప్పుకున్నాం.

అప్పటికే ఆకాశంలో మబ్బులు తిరుగుతున్నాయి. మామ ఆ రోజు లారీ లోడు వదులుకుని ఇంట్లోనే ఉన్నాడు. ఓడిపోతే వెంటనే కొలత వేసుకోవడానికి ఉన్నానన్నాడు గానీ, మధ్యాహ్నానికి నా కాళ్లు వణకడం చూసి, "లే కోడలా, గిట్ల తొక్కితే అన్నం గూడ ఉడకది" అని తిత్తి మీద తనే నిలబడ్డాడు. చిన్నప్పుడు తొక్కిన కాళ్లవి. కాసేపటికి ఆ కాళ్లకు పాత లయ దొరికింది. తాత ఒక్కసారి తల తిప్పి చూసి, మళ్లీ నిప్పు వైపు తిరిగాడు. బట్టీ మూతి నుంచి లేచే మంట రంగు చూస్తూ, బొగ్గూ రాయీ వేయిస్తూ, కింది కన్నులోంచి చిట్టెం కారినప్పుడల్లా "ఊ" అనేవాడు.

గడ్డపారతో ముందుగోడ విరిచి, పట్టకారుతో లాగితే ఎర్రగా మెరుస్తున్న ఒక ముద్ద వచ్చింది. కందగడ్డంత ఉంటుంది, తేనెపట్టులా రంధ్రాలు. దాగలి మీద పెట్టి తాత సైగ చేయగానే అమ్మమ్మ అలవాటుగా సమ్మెట దించింది. ముద్దలో సగం చితికి నిప్పురవ్వలై ఎగిరిపోయింది. తాత దాగలి అంచు మీద టింగుమనిపించాడు. ఆమె ఇంకో దెబ్బ వేయలేదు. సమ్మెట పడేసి ఇంట్లోకి పరుగెత్తి, కారం దంచే రోకలి తెచ్చింది. దాని కర్ర మొనతో, పసిబిడ్డను జోకొట్టినట్టు, ఆ ముద్దను అన్ని వైపులా తట్టింది. తట్టే కొద్దీ రంధ్రాల్లోని చిట్టెం చెమటలా బయటికి కారి, ముద్ద దగ్గరికి వచ్చింది. రోకలి మొన కాలి పొగలు లేచాయి. ఆ తర్వాత చాలా రోజులు మా కారంలో పొగ వాసన వచ్చింది.

మామ ఆగలేకపోయాడు. కడ్డీకి కట్టిన అయస్కాంతాన్ని ఎర్రటి ముద్దకు ఆనించాడు. అంటుకోలేదు. తిప్పి ఆనించాడు. జారిపోయింది. తాత పట్టకారు కింద పెట్టాడు. నాకు ఏడుపు వచ్చింది. తరతరాలుగా కాలిన ఇనుమును చూస్తూ ఉన్న ఇంట్లో, ఎర్రగా కాలిన ఇనుముకు అయస్కాంతం అంటదనే సంగతి ఒక్కరికీ తెలియదు. కమ్మరికి అయస్కాంతంతో పనేముంది?

"సల్లారనియ్యుండ్రి" అంది అమ్మమ్మ. "వేడి మీద దేని గుణం దెలుస్తది? కడుపుల ఏం లేదు ఎవరికి. తిందాం రాండ్రి."

మామ ఆ అయస్కాంతాన్ని దారంతో కొలిమి వాసానికి కట్టి, ముద్ద పక్కన వేలెడు ఎడంలో వేలాడదీశాడు. నలుగురం అక్కడే చుట్టూ కూర్చుని గడుక తిన్నాం. ఎవరికీ రుచి తెలియడం లేదు. పచ్చిపులుసు పోయమని ఎవరూ అడగలేదు. ముద్ద ఎరుపు నుంచి నలుపుకు తిరిగింది. తూర్పు నుంచి చల్లగాలి వచ్చింది, ఎక్కడో దగ్గరలోనే వాన పడుతోంది. దారం కొంచెం ఊగింది. మళ్లీ ఊగింది.

టక్.

మామ చేతిలోని గడుక ముద్ద గిన్నెలోకి జారిపోయింది. అయస్కాంతం ఇనుముకు అతుక్కుని, దారం బిగుసుకుని ఉంది. నేను లాగి చూశాను, రాలేదు. తాత లేచి కుడిచేయి తొట్టిలో కడుక్కున్నాడు. జాజు గిన్నెలో వేలు ముంచి, ముందు ఆ ముద్దకు, తర్వాత అమ్మమ్మ నుదుటికి బొట్టు పెట్టాడు. "సిగ్గుశరం లేదు పిల్లల ముందల" అంది గానీ ఆమె తుడుచుకోలేదు. మామ కొంతసేపు తల గోక్కుని, లేచి, వాన చినుకులు పడకముందే కొలిమి మీది పాత తాటాకు పీకడం మొదలుపెట్టాడు. మాట ఇచ్చిన మనిషి కదా. ఆ వారంలోనే మిర్యాలగూడ నుంచి రేకులు తెచ్చి కొలిమికి కప్పు వేశాడు. లారీ ఎండలో, వానలో బయటే ఉంది.

ముద్దను మళ్లీ కాల్చి, మడిచి, సాగదీస్తే చివరికి మిగిలింది నా అరచేతిలో పట్టేంత. దానితో ఏం చేయాలని తాత అడిగితే, "తూకమేసింది మన పిల్ల, దాని తక్కెడకు కొక్కెం జేసియ్యి" అంది అమ్మమ్మ. చేసిచ్చాడు. పోసిన రాయి ఎంత, వచ్చిన ఇనుము ఎంత అని నేను లెక్క వేస్తే, ఇరవై పాళ్లలో ఒక పాలు కూడా దక్కలేదు. ఆ లెక్క చెప్తే తాత నొచ్చుకుంటాడని భయపడ్డాను. ఆయన విని, "మొదటి కొడవలి గిట్లనే అయ్యుంటది" అన్నాడు. ఆ ఎండాకాలం చివర్లో రాసిన పరీక్షలో నేను పాసయ్యాను. మార్కులు చెప్పుకునేవి కావు.

ఇనుము ఎప్పుడు, ఎవరు మొదట తీశారని చదివినప్పుడల్లా నాకు ఆ గడుక గిన్నెల చుట్టూ కూర్చున్న సాయంత్రమే గుర్తుకొస్తుంది. మనుషులకు మొదట దొరికిన ఇనుము ఆకాశం నుంచి రాలిన ఉల్కల ముక్కలేనట. రాగి ముందు లొంగింది, కరిగి చక్కగా అచ్చులోకి దిగింది. ఇనుము అలా కరగలేదు. మట్టి బట్టీ వేడికి చిట్టెం కరిగిందే తప్ప, ఇనుము నల్లటి పిచ్చి ముద్దలా మిగిలింది. దాన్ని మొదట చూసినవాళ్లలో చాలామంది పని పాడైందని పారేసి ఉంటారు. ఎవరో ఒకరు పారేయకుండా తట్టి చూశారు. మన రాకాసి గుళ్ల కింద, అంటే వేల ఏళ్ల నాటి బండరాళ్ల సమాధుల్లో, చచ్చిపోయిన వాళ్ల పక్కన పెట్టిన ఇనుప కత్తులు, బాణపు ములుకులు దొరుకుతున్నాయి. మన వైపు ఉక్కు ముద్దలు సముద్రాలు దాటి పోయి పేరున్న కత్తులయ్యాయి. ఆ తట్టి చూసిన మొదటి మనిషి చేతిలో ఉన్నది రోకలే అయి ఉంటుందని నా నమ్మకం. దీనికి నా దగ్గర రుజువు లేదు.

ఇప్పుడు నా కాంటా మీదికి ఎక్కే ఒక్కొక్క కడ్డీల లారీలో, తాత జన్మంతా కాల్చి కొట్టిన ఇనుము కంటే ఎక్కువ ఇనుము కడ్డీల రూపంలో పోతుంది. ఏది ఎక్కువని అడిగితే డబ్బా చెప్తుంది. అయితే దేనికి ఎంత చేయి పడిందో చెప్పే డబ్బా నా దగ్గర లేదు. అలాగని పాతకాలమే బాగుందని అనను. ఒక కొక్కెం కోసం తుమ్మచెట్లు ఎన్ని కాలాయో, అమ్మమ్మ భుజం ఎన్ని రాత్రులు కాగిన నూనె పట్టించుకుందో నాకు తెలుసు. తాత, అమ్మమ్మ ఇద్దరూ నిండుగా బతికి పోయారు. కొలిమి వాళ్ల తర్వాత కూడా ఉంది. లారీ అమ్మేసిన తర్వాత మామే అందులో కూర్చున్నాడు. పెద్ద పనేం లేదు. గొడ్డళ్లు సాన పడతాడు, వచ్చినవాళ్లతో ముచ్చట్లు పెడతాడు. తిత్తికి బదులు కరెంటు బ్లోయర్ పెట్టాడు. గోడకు మాత్రం మా అత్త శుక్రవారం శుక్రవారం జాజు పూస్తుంది.

సాయంత్రానికి యాదగిరి పని దాదాపు పూర్తయింది. నా గది తలుపు పక్కన మేకుకు తాళాల గుత్తి వేలాడుతుంది. ఆ గుత్తి పట్టుకునేది పాత తక్కెడ నుంచి నేను ఊడదీసి తెచ్చుకున్న ఆ కొక్కెమే. ఇన్నేళ్ల చేతి రాపిడికి నున్నబడింది.

"అక్కా, గీ కొక్కేనికి గూడ ఒక పూత కొట్టాల్నా? తుప్పు వడ్తది" అన్నాడు.

వద్దన్నాను. తాళాలు తీసేసి, కొక్కెం పట్టుకుని బయటికి వచ్చాను. లారీలేవీ లేవు. కాంటా ఖాళీగా, కొత్త ఎరుపుతో తడితడిగా ఉంది. పూత పడని పలక నడుమకు పోయి కొక్కేన్ని పెట్టి వచ్చి, గదిలో డబ్బా ముందు కూర్చున్నాను. అంకె కదలలేదు. సున్నా. కదలదని నాకు తెలుసు. లారీలు తూచే కాంటాకు పది కిలోల లోపుది ఆనదు. అయినా చూశాను. చూసి, ఎందుకో నవ్వొచ్చి, మామకు ఫోన్ చేశాను. అటువైపు బ్లోయర్ చప్పుడు వినపడుతోంది.

"మామా, మన ఇనుము ఇయాల నా కాంటా మీద పెట్టిన."

"ఎంతొచ్చింది?"

"సున్నా వచ్చింది."

బ్లోయర్ ఆగింది. ఒకప్పుడు ఇనుము లారీలకెళ్లి వస్తదన్న మనిషి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అన్నాడు:

"నీ కాంటా ఖరాబైంది కోడలా. రేపే బాగుచేపియ్యి."